చెరువులోకి వచ్చిన నీళ్లు ఎవరివి?

కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి కూడా లేదు. నంది కొండల దగ్గర పుట్టిన పాలారు మా జిల్లా మీదుగానే పోతుంది గానీ, చాలా ఏండ్లు దాంట్లో ఇసుక తప్ప నీళ్లు కనిపించవు. అందుకే మా పెద్దలు నదిని నమ్ముకోలేదు. పడిన వానను పడినచోటనే పట్టుకోవడానికి చెరువులు కట్టుకున్నారు. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి, అది నిండితే ఇంకో చెరువులోకి. అలుగును మా పక్క కోడి అంటారు. "ఈ ఏడు కోడి పోయిందా?" అని అడిగితే, పంట ఉందా, పెండ్లిళ్లు ఉన్నాయా అని అడిగినట్టే. జిల్లా మొత్తం మీద ఇట్లాంటి చెరువులు రెండు వేలకు పైనే ఉన్నాయి.

తర్వాత కాలువలు పూడిపోయాయి, చెరువుల్లో తుమ్మచెట్లు మొలిచాయి, అందరూ బోర్లకు తిరుక్కున్నారు. మొదట 200 అడుగులకు నీళ్లు పడేవి. తర్వాత 500. ఇప్పుడు 1000, 1500 అడుగులు వేసినా ఒక్కోసారి దుమ్మే వస్తుంది. అంత లోతునుంచి వచ్చే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. పండ్లమీద పసుపు మరకలు, పెద్దయ్యాక మోకాళ్ల నొప్పులు మా జిల్లాలో కొత్త సంగతులు కావు.

ఇట్లాంటి చోటికి 2018 జూన్‌లో నీళ్లు వచ్చాయి. వానవల్ల రాలేదు. బెంగళూరు నగరం వాడి వదిలిన మురుగునీటిని శుద్ధి చేసి, పెద్ద పెద్ద పైపుల్లో పంపుచేసి, మొదట లక్ష్మీసాగర చెరువులో పోశారు. అక్కడినుంచి ఒకదాని తర్వాత ఒకటిగా నూటికి పైగా చెరువులు నింపాలని ప్రభుత్వ పథకం. రోజుకు 44 కోట్ల లీటర్లు పంపాలని లెక్క. కోరమంగల-చెల్లఘట్ట లోయ మురుగు కాబట్టి దీన్ని కె.సి. వ్యాలీ పథకం అంటారు. మా ఇంట్లో మాత్రం దీనికి "బెంగుళూరు నీళ్లు" అనే పేరు.

ఈ నీళ్లు మంచివా చెడ్డవా అని బస్‌స్టాండులో, పాల డెయిరీ దగ్గర, పెండ్లి భోజనాల దగ్గర వాదనలు జరుగుతూనే ఉన్నాయి. నేను దాన్ని పక్కన పెట్టి ఇంకొక ప్రశ్న అడగాలనుకుంటున్నాను. దప్పికతో ఉన్నవాడికి నీళ్లు ఇచ్చేటప్పుడు, ఆ నీళ్లు ఎట్లాంటివో తెలుసుకొనే హక్కు, వద్దనే హక్కు అతనికి ఉంటాయా? ఉంటే అవి ఎవరి చేతిలో ఉండాలి?

విశ్వవిద్యాలయాల్లో ఇట్లాంటి ప్రశ్నలను చదివే ఒక శాఖే ఉంది. పర్యావరణ పాలన అంటారు. పాలన అనగానే మనకు ప్రభుత్వం గుర్తొస్తుంది. కానీ ఈ శాఖలో పాలన అంటే ప్రభుత్వం ఒక్కటే కాదు. ఒక అడవి గురించి, చెరువు గురించి, గాలి గురించి ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు కాపలా కాస్తారు, తప్పు చేసినవాణ్ణి ఎవరు అడుగుతారు, నష్టం ఎవరు భరిస్తారు, ఇదంతా కలిపి పాలన. మా సోషల్ సార్ దీన్ని సులువుగా చెప్పారు: "తూము ఎవరి చేతిలో ఉందో చూడండి, పాలన అక్కడుంది."

సుస్థిర అభివృద్ధి అన్న మాట కూడా దీనికి చుట్టమే. 1987లో నార్వే ప్రధానిగా ఉన్న బ్రంట్‌లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి కమిషన్ ఒకటి నివేదిక ఇచ్చింది. ఇప్పటి మనుషుల అవసరాలు తీరాలి, పుట్టబోయేవాళ్ల అవసరాలకు అడ్డం రాకూడదు అని దాని సారాంశం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మేమందరం దీన్ని రాస్తాం. చాలా మంచి మాట. కానీ ఇందులో ఇవాళ్టివాళ్లకూ రేపటివాళ్లకూ మధ్య న్యాయమే ముందు కనబడుతుంది. ఇవాళే బతికి ఉన్న ఇద్దరి మధ్య, పైన ఉన్న ఊరికీ కింద ఉన్న ఊరికీ మధ్య న్యాయం మాటేమిటని కోలారులో కూర్చుని చదివేవాళ్లకు తోస్తుంది.

ముందుగా అసహ్యం సంగతి చెప్పాలి. ఎందుకంటే మాలో చాలామంది వాదన అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది. మా అవ్వ ఆ చెరువు కట్టమీద నడిచేటప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. "ఊరందరూ కడుక్కున్న నీళ్లు మనకేమిటికి?" అంటుంది. తాత దానికి, "ఊరందరూ కడుక్కున్న నీళ్లే మబ్బయి వాన పడతాయి, అప్పుడు తాగలేదా?" అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నమీబియా దేశంలో విండ్‌హోక్ అనే ఎడారి నగరం 1968 నుంచి మురుగునీటిని శుద్ధి చేసి తాగుతోంది. సింగపూరు 2003 నుంచి అట్లాంటి నీటిని బాగా శుద్ధి చేసి వాడుకుంటోంది. అక్కడి మనుషులకు మనకన్నా అసహ్యం తక్కువేమీ కాదు. వాళ్లకు ఆ నీటిమీద నమ్మకం కుదిరింది, ఎందుకంటే ఎంతవరకు శుద్ధి చేశారో, ఎన్నిసార్లు పరీక్ష చేశారో వాళ్లకు చెబుతూ వచ్చారు.

శుద్ధిలో మెట్లున్నాయి. మొదటి మెట్టులో చెత్త, మట్టి అడుక్కు దిగుతాయి. రెండో మెట్టులో గాలి పంపి సూక్ష్మజీవులను పెంచితే, అవి మురుగులోని మలినాన్ని తినేస్తాయి. మూడో మెట్టులో నత్రజని, భాస్వరం తీసేసి, వడపోసి, క్రిములు చంపుతారు. మాకు వచ్చేది రెండో మెట్టు దాటిన నీరు. ప్రభుత్వం వాదన ఏమిటంటే, ఈ నీళ్లు తాగడానికి కావు, నేరుగా మోటారు పెట్టి పొలానికి తోడడానికీ కావు. చెరువులో నిలిచి, మట్టిలోనుంచి మెల్లగా దిగి, భూగర్భజలంలో కలవడానికి. మట్టే మూడో మెట్టు పని చేస్తుంది అని. ఇది ఊరికే చెప్పిన మాట కాదు, మట్టికి ఆ గుణం నిజంగానే ఉంది. అన్ని రసాయనాలనూ అది ఆపగలదా అన్నది వేరే ప్రశ్న.

నీళ్లొచ్చిన కొన్నాళ్లకే లక్ష్మీసాగర చెరువులో నురగ కనిపించింది. నురగ అంటే మాకు భయం ఎందుకంటే, ఈ మురుగు పుట్టిన లోయలోనే బెళ్లందూరు చెరువుంది. అది నురగ కక్కి, 2015లోనూ, 2017లోనూ, 2018 జనవరిలోనూ మంటలు అంటుకున్న చెరువు. నీళ్లకు నిప్పంటుకోవడం టీవీలో అందరూ చూశారు. జిల్లావాళ్లు కోర్టుకు పోయారు. 2018లో హైకోర్టు కొన్నాళ్లు నీళ్లు ఆపించింది, మళ్లీ వదలమంది. 2019లో సుప్రీంకోర్టు కొన్ని నెలలు ఆపించి, తర్వాత అనుమతి ఇచ్చింది. కేసు వేసినవాళ్లు అడిగింది నీళ్లు వద్దని కాదు, మూడో మెట్టు కూడా దాటించి ఇవ్వమని. ఈ సంగతి పేపర్లలో ఒక మూలకు పోయింది. "కోలారు రైతులు నీళ్లకు అడ్డుపడుతున్నారు" అన్నట్టు జనం మాట్లాడుకున్నారు.

ఇక్కడ పాలారు గురించి ఒక మాట. మా జిల్లానుంచి కుప్పం మీదుగా తమిళనాడులోకి పోయే ఈ నది ఒడ్డునే వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ఉన్నాయి. అక్కడి తోళ్ల ఫ్యాక్టరీలు వదిలిన నీటివల్ల పొలాలు, బావులు చెడిపోయాయని వేలూరు పౌరుల సంఘం ఒకటి సుప్రీంకోర్టుకు పోయింది. 1996లో తీర్పు వచ్చింది. అందులో రెండు సూత్రాలను మన దేశపు చట్టంలో భాగమని కోర్టు ఒప్పుకుంది. ఒకటి, చెడగొట్టినవాడే ఖర్చు పెట్టుకోవాలి. రెండోది, హాని జరుగుతుందని పూర్తిగా రుజువు కాలేదు అన్న సాకుతో జాగ్రత్తను వాయిదా వేయకూడదు. ఇంకా చెప్పాలంటే, హాని లేదని చూపించాల్సిన బాధ్యత పని మొదలుపెట్టేవాడిదే.

రెండో సూత్రాన్ని మా చెరువుకు పెడితే ఏమవుతుంది? "హాని లేదని చూపించేదాకా నీళ్లు పంపవద్దు" అనాలి. కానీ నీళ్లు రాకపోతే మేము ఏం తాగుతాం? 1500 అడుగుల లోతు ఫ్లోరైడు నీళ్లు. దాని హాని ఇప్పటికే పండ్లమీద కనబడుతోంది. అంటే జాగ్రత్త అన్నది రెండు వైపులనుంచీ మాట్లాడుతుంది. పుస్తకంలో సూత్రం తేలికగా ఉంటుంది, కట్టమీద నిలబడితే అంత తేలికగా ఉండదు. నీళ్లొచ్చిన తర్వాత ఎండిన బావుల్లో ఊట కనబడింది, బోర్లలో నీటిమట్టం పైకొచ్చింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు కూడా మట్టం పెరిగిందని కొలిచి చెప్పారు. దీన్ని కాదనడం అబద్ధమాడటమే. మా చిన్నాయన అమ్మేసిన ఆవులకు బదులు మళ్లీ రెండు తెచ్చాడంటే ఈ నీళ్లవల్లే.

అందుకని నీళ్లు తీసుకోవడం సరేనని నా అభిప్రాయం. తీసుకునే పద్ధతిలోనే చిక్కు ఉంది. ఇప్పుడున్న పద్ధతిలో నీళ్లు ఇచ్చేది ప్రభుత్వం. అవి మంచివని పరీక్షించేది ప్రభుత్వ సంస్థలు. ఫలితం చూసి సరేననేది ప్రభుత్వమే. పంపు ఆపే మీట కూడా దాని చేతిలోనే. చెరువు పక్క ఊరు ఈ నాలుగింట్లో ఎక్కడా లేదు. పరీక్ష చేసేవాళ్లు నిజాయితీపరులు కాదని నేను అనడం లేదు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే, అతను ఎంత మంచివాడైనా పక్కవాళ్లు ఆ మార్కులు నమ్మరు. మా క్లాసులో అయినా అంతే కదా.

ఇదివరకు తూము ఎవరి చేతిలో ఉండేదో చూద్దాం. నీరుగంటి అనే మనిషి ఉండేవాడు. ఈ మాట తెలుగులోనూ, కన్నడంలోనూ ఒకటే, అందుకని మా ఊళ్లల్లో ఎవరి మాట ఎవరిదని తగువు లేదు. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లో చూడటం, పెద్ద వాన పడిన రాత్రి కట్ట తెగకుండా కాపలా కాయడం అతని పని. పంట చేతికొచ్చాక ఆయకట్టు రైతులందరూ కళ్లంలోనే అతనికి ధాన్యం కొలిచేవాళ్లు. కరువు ఏడు చెరువులో సగం నీళ్లే ఉంటే, కొన్ని ఊళ్లల్లో తూముకు దగ్గరగా ఉన్న భూమిని మాత్రమే సాగుచేసి, దాన్ని అందరూ వాటాలు వేసుకునేవాళ్లు. పైమడి వాడికి పంట, కిందిమడి వాడికి ఎండు అనే మాట రాకుండా.

ఇట్లాంటి ఏర్పాట్లను ప్రపంచమంతా తిరిగి చదివిన ఆవిడ ఎలినార్ ఆస్ట్రమ్. ఆమెకు ముందు 1968లో గారెట్ హార్డిన్ అనే శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. ఊరుమ్మడి పచ్చిక ఉంటే ప్రతివాడూ ఇంకొక ఆవును తోలుతాడు, చివరికి పచ్చికే మిగలదు అని అతని వాదం. కాబట్టి ఉమ్మడి ఆస్తిని ప్రభుత్వమైనా తీసుకోవాలి, లేదా ముక్కలు చేసి సొంతానికైనా ఇవ్వాలి అని చాలామంది అనుకున్నారు. ఆస్ట్రమ్ కుర్చీలో కూర్చుని ఆలోచించడం కాకుండా, స్విట్జర్లాండు పచ్చికబయళ్లు, స్పెయిన్‌లోని సాగునీటి కాలువలు, ఫిలిప్పీన్స్ నీటి సంఘాలు ఎట్లా నడుస్తున్నాయో చూసింది. వందల ఏండ్లుగా ఊళ్లే సరిగా నడుపుకుంటున్నవి కనిపించాయి. స్పెయిన్‌లో వలెన్సియా అనే ఊళ్లో నీటి తగువులు తీర్చే న్యాయస్థానం ఇప్పటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి వాకిలి ముందు కూర్చుంటుంది. అందులో తీర్పరులు ఆ కాలువల రైతులే. వకీళ్లు లేరు, వాదనంతా నోటిమాటే. 1990లో ఆస్ట్రమ్ తన పుస్తకంలో, నిలిచిన ఏర్పాట్లన్నింటిలో కనబడే ఎనిమిది లక్షణాలు చెప్పింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే.

ఎనిమిదీ ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం మా చెరువుకు కావలసింది. కాపలా కాసేవాడు, కొలిచేవాడు వాడుకునేవాళ్లకు జవాబు చెప్పేవాడై ఉండాలి. నీరుగంటి అట్లాంటివాడు. కట్టమీద ఎవరైనా నిలబెట్టి "నాకు తక్కువ ఎందుకు వదిలావు?" అని అడగగలిగేవాళ్లు. ఇప్పుడు 50 కిలోమీటర్ల దూరంలో పంపు నడిపే మనిషిని ఎవరు అడుగుతారు?

అయితే నీరుగంటి కాలాన్ని బంగారు కాలం అని రాస్తే అది పూర్తి నిజం కాదు. మా పక్క నీరుగంట్లు ఎక్కువగా దళిత కుటుంబాలవాళ్లు. అందరి మళ్లకూ సమంగా నీళ్లు పంచిన మనిషికి సొంతంగా ఉండేది చిన్న ఇనాం ముక్క, ఒక్కోచోట అదీ లేదు. అతను తెరిచిన తూము నీళ్లు పారే ఊళ్లోనే, అతని ఇంటి ఆడవాళ్లు ఊరిబావిలో చేద వేయడానికి వీలుండేది కాదు. 1961లో కర్ణాటక గ్రామోద్యోగాల రద్దు చట్టం వచ్చింది. పుట్టుకతో వచ్చే వెట్టి పోవాలి కాబట్టి అది రావలసిందే. ఆ తర్వాత చెరువుకు మనిషి లేకుండా పోయాడు, అదీ నిజమే. ఊరి చేతికే పెత్తనం ఇవ్వాలి అని పుస్తకాల్లో చదివినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. ఊరు అంటే ఎవరు? రచ్చబండ మీద కూర్చునేవాళ్లా, దాని ముందునుంచి చెప్పులు చేతబట్టుకొని నడిచినవాళ్లా?

ఈ ప్రశ్న పాతది కాదు, ఇప్పటి నీళ్లలోనూ ఉంది. చెరువు ప్రభుత్వానిది, ఊరుమ్మడిది. అందులో ఉన్నంతసేపు నీళ్లు అందరివీ. కానీ మనం ముట్టుకోకూడదు, తోడకూడదు. అవి భూమిలోకి దిగాలి. దిగిన తర్వాత ఎవరివి? మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం కాలంనుంచీ భూమి ఎవరిదో దాని కింద నీళ్లు వాళ్లవే అన్నట్టు నడుస్తోంది. అంటే బోరు ఉన్నవాడివి. ప్రజల డబ్బు వెయ్యి కోట్లకు పైగా ఖర్చుచేసి ఊరుమ్మడి చెరువులో పోసిన నీళ్లు, కొన్ని అడుగులు కిందికి దిగేసరికి సొంతాస్తి అయిపోతున్నాయి. పది ఎకరాలు, మూడు బోర్లు ఉన్నవాడికి ఎక్కువ. బోరు ఎండి అప్పులపాలైనవాడికి తక్కువ. కూలికి పోయేవాడికి ఏమీ లేదు. ఆ నీళ్లలో ఏదైనా చెడు ఉందనుకోండి, అది మాత్రం అందరికీ సమానంగా చేరుతుంది. ఆ చెరువు పక్క గడ్డి కోసేది కూలివాళ్లు, అందులో చేపలు పట్టేది వాళ్లు, బర్రెలను కడిగేది వాళ్ల పిల్లలు. లాభం భూమిని బట్టి, ప్రమాదం శరీరాన్ని బట్టి పంచబడుతోంది. నీళ్లు బాగా శుద్ధి అయ్యాయా లేదా అన్న చర్చలో ఈ మాట ఎవరూ ఎత్తరు.

అందుకని గ్రామసభలో చేతులెత్తి "సరే, నీళ్లు రానివ్వండి" అన్నంత మాత్రాన అందరి ఒప్పుదల అయినట్టు కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. కరువు ఏడు కూలీ రేటు సగానికి పడిపోతుంది. ఆ సగానికే జనం పోతారు. "వాళ్లే ఒప్పుకొని వచ్చారు కదా" అని ఆసామి అనవచ్చు. ఒప్పుకున్న మాట నిజమే, కానీ వాళ్లకు వద్దనే దారి ఉందా? ఇరవై ఏండ్లు నీళ్లు లేని ఊరిని "ఈ నీళ్లు కావాలా?" అని అడగడం కూడా అట్లాంటిదే. ఏ ఊరైనా కావాలనే అంటుంది. పడమటి కనుమలనుంచి ఎత్తినహొళె నీళ్లు తెస్తామని 2014లో శంకుస్థాపన చేశారు. అవి వచ్చేదాకా ఆగుదాం అనుకునే ఓపిక ఎవరికుంటుంది? దప్పికతో చెప్పిన "సరే"ను అంగీకారంగా రాసుకునేవాళ్లు, ఆ దప్పిక తీరిన తర్వాత మళ్లీ వచ్చి అడగాలని నేనంటాను. ఏడాదికొకసారి, ఆ ఏడాది పరీక్షల కాగితాలు ముందు పెట్టి.

దీనికి ఎదురు వాదన మా తరగతిలోనే వచ్చింది. రసాయన శాస్త్రం తెలియని ఊరివాళ్లకు మీట ఇస్తే ఎవడో ఒక నాయకుడు భయపెట్టగానే నీళ్లు ఆపేస్తారు, పైచెరువు ఊరు ఆపితే కిందిచెరువు ఊళ్లు ఎండుతాయి అని. ఇది గట్టి వాదన. గొలుసుకట్టు చెరువుల్లో ఒక ఊరి కోపం పది ఊళ్లకు శిక్ష. నా జవాబు ఏమిటంటే, మీట ఒక ఊరి చేతికి ఇవ్వవద్దు, గొలుసులోని ఊళ్లన్నింటి సంఘానికి ఇవ్వండి. అందులో బోర్లున్నవాళ్లు ఎంతమందో, కూలివాళ్లు, చేపలవాళ్లు, ఆడవాళ్లు అంతమంది ఉండాలి. ఇక రసాయన శాస్త్రం అంటారా, తొమ్మిదో తరగతి పిల్లలు చదివే సంగతులే కొన్ని చాలు. పంచాయతీ గోడమీద ప్రతి నెలా ఒక కాగితం. అందులో నత్రజని ఎంత, భాస్వరం ఎంత, సీసం, క్రోమియం ఎంత, ఎంతవరకు ఉండవచ్చు, ఏ తేదీన ఎక్కడ తీసిన నీళ్లు. కన్నడంలో ఒకటి, మా ఇళ్లల్లో చదువుకునేందుకు తెలుగులో ఒకటి. రేషన్ షాపు ముందు ధరల పట్టిక చదివే ఊరు దీన్ని చదవలేదా? కాగితం చదవడం వస్తే నాయకుడు భయపెట్టడానికి సందు తగ్గుతుంది. ఇప్పుడు భయం ఎందుకు పెరుగుతోందంటే, చేతిలో అంకెలు లేకే.

ఖర్చు సంగతి కూడా ఉంది. మూడో మెట్టు శుద్ధికి డబ్బు ఎక్కువవుతుంది, కరెంటు ఎక్కువవుతుంది. ఎవరు పెట్టుకోవాలి? వేలూరు తీర్పు ప్రకారం చూస్తే జవాబు సులువు, వాడినవాళ్లు. బెంగళూరు తాగే కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరంనుంచి, కొండంత ఎత్తుకు పంపు చేసి తెచ్చినవి. ఆ ఖర్చు నగరం పెట్టుకుంటోంది, ఎందుకంటే అది తాను తాగే నీరు. అదే నీరు ఇంటి కొళాయిలోనుంచి దిగి కాలువలో పడగానే దానికి ఖర్చు పెట్టడం దండగ అనిపిస్తుంది. మురుగును ఊరవతలికి తోయాల్సిన పని నగరానికి ఎట్లాగూ ఉంది. దాన్ని మాకు పంపడం దానమైతే, తీసుకోవడం కూడా కొంచెం దానమే.

పైగా ఆ నీళ్లు మా దగ్గరే ఆగిపోవు. కోలారు టమాటా మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. పాలు, కూరలు, శ్రీనివాసపురం మామిడి, అన్నీ తెల్లవారుజామున లారీల్లో బెంగళూరుకే పోతాయి. చెరువు కింద పండిన టమాటాలో ఏదైనా ఉంటే అది మూడు నెలలకు కోరమంగలలోని వంటింటికి తిరిగి చేరుతుంది. కాబట్టి మా పంచాయతీ గోడమీది కాగితాన్ని బెంగళూరువాళ్లు కూడా అడిగి చదవాలి. "మీకోసం చేస్తున్నాం" అనే మాట అప్పుడు "మనకోసం" అని మారుతుందేమో.

ఇంతవరకు మేము కింద ఉన్నవాళ్లం, నగరం పైనున్నది అన్నట్టు రాశాను. కానీ మాకూ కింద ఊళ్లున్నాయి. ఈ పథకానికి ముందు ఆ లోయ మురుగు బెళ్లందూరు, వర్తూరు చెరువులు దాటి దక్షిణ పినాకినిలో కలిసి తమిళనాడులోకి పోయేది. హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాములో తెల్లటి నురగ వచ్చిందని వార్త వచ్చేది ఆ నీళ్లవల్లే. హోసూరు పక్క కూడా మనలాగే తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. చుట్టరికాలూ ఉన్నాయి. వాళ్లు ఎన్నో ఏండ్లు ఆ మురికి నీళ్లనే డ్యాములోనుంచి కాలువలకు వదులుకొని పంటలు పండించారు. అందులో కొంత భాగాన్ని ఇప్పుడు శుద్ధి చేసి మావైపు తిప్పారు. ఆ నదీజలాలమీద రెండు రాష్ట్రాల తగువు సుప్రీంకోర్టుదాకా పోయింది. కోర్టులో రాష్ట్రాలు మాట్లాడతాయి, టి.ఎం.సి.ల లెక్కలో. డ్యాము కింద రెండెకరాలున్న మా పెద్దత్త వాళ్ల మామగారు పోయిన ఉగాదికి ఇంటికొచ్చినప్పుడు అడిగిన మాట వేరు. "అల్లుడా, మా కాలువ నీళ్లు మీ చెరువులోకి పోతాండాయంట గదా. పోనీలే, మీరూ మనోళ్లే. పంపే ముందర మాకొక మాట చెప్పింటే బాగుండు," అన్నాడు నాయనతో. నాయన ఆయన విస్తట్లో ఇంకొక బొబ్బట్టు వేశాడు గానీ, ఆ మాటకు జవాబు చెప్పలేదు.